వేరొకరు తయారుచేసిన పదసూచికను సమీక్షించడం: ఏ వరుసలో చూడాలి, ఏం రాయాలి?

కొత్తఆకు
నేలల గురించిన ఒక పుస్తకంలో 96 పేజీల భాగాన్ని తీసుకుని నలుగురం విడివిడిగా పదసూచిక (పుస్తకం చివర మాటలనూ, అవి ఉన్న పేజీలనూ చూపే జాబితా) తయారుచేస్తున్నాం. తరువాత ఒకరిది ఒకరం సమీక్షించాలి. సూచిక తయారుచేయడం గురించి చెప్పేవాళ్ళు దొరుకుతారు గానీ, ఎదుటివారి సూచికను ఎలా తూకం వేయాలో చెప్పేవాళ్ళు తక్కువ. చివరికి అందరి వ్యాఖ్యలూ ‘బాగుంది’, ‘ఇంకొంచెం వివరంగా ఉండొచ్చు’ దగ్గరే ఆగుతాయి. ముందు ఏం చూడాలి, ఎన్ని ఎంట్రీలు పరీక్షించాలి, వ్యాఖ్య ఎలా రాస్తే తయారుచేసినవారికి పనికొస్తుంది? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పండి.

అకారాది
ముందు ఒక నియమం పెట్టుకోండి: సూచిక ఫైలు వచ్చిన వెంటనే తెరవొద్దు. ఒకసారి చూశారంటే అందులోని మాటలే మీ మాటలైపోతాయి. పాఠకుడు ఏ మాటతో వెతుకుతాడో ఇక మీరు ఊహించలేరు.

ముందు పుస్తక భాగం చదవండి. విషయసూచిక, ఉపోద్ఘాతం, అధ్యాయాల శీర్షికలు, పట్టికలు, బొమ్మల కింద రాతలు అన్నీ. చదువుతూ 30 ప్రశ్నలు రాసుకోండి. వాటిలో 10 పేర్లకు సంబంధించినవి: మనుషులు, స్థలాలు, పరికరాలు. 15 భావనలకు సంబంధించినవి: ‘నేలలో ఉప్పు పేరుకుంటే ఏం చేయాలి?’ లాంటివి. మిగతా 5 పుస్తకంలో వాడని మాటతో అడిగే ప్రశ్నలు. రచయిత అంతటా ‘భాస్వరం’ అని రాస్తే మీరు ‘ఫాస్ఫరస్’ అని వెతకాలి. అసలు పరీక్ష ఈ చివరి అయిదింటిలోనే ఉంది. పుస్తకం చదవనివాడికి రచయిత మాట తెలియదు కదా.

తరువాత సూచిక తెరిచి ఒక్కో ప్రశ్నకూ ఇవి రాసుకోండి: మొదట ఏ మాట దగ్గర వెతికారు, అక్కడ దొరికిందా, దొరక్కపోతే సూచికే వేరే చోటికి పంపిందా, ఎన్ని గెంతుల్లో పేజీకి చేరారు, ఆ పేజీలో జవాబు నిజంగా ఉందా. రెండు గెంతులు దాటితే గుర్తు పెట్టండి. మూడో గెంతుకు చాలామంది పుస్తకం మూసేస్తారు.

ఈ 30 ప్రశ్నల కాగితాన్ని సమీక్షతో పాటే పంపండి. తయారుచేసినవారికి మీ అభిప్రాయాలన్నిటికంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది. ‘ఉప్పు’ దగ్గర వెతికితే ఏమీ లేదు, ‘లవణీకరణ’ దగ్గర ఉంది, పంపే సూచన లేదు అని రాసి ఉంటే దాని మీద వాదన ఉండదు.

పుటసంఖ్య
అకారాది గారు చెప్పినదానికి పేజీ సంఖ్యల తనిఖీ కలుపుతాను. దీన్ని రెండు వైపుల నుంచీ చేయాలి. చాలామంది ఒక వైపుతో ఆపేస్తారు.

మొదటిది సూచిక నుంచి పుస్తకానికి. ప్రతి పదో పేజీ సంఖ్యను తీసుకోండి. 96 పేజీలకు పేజీకి సుమారు 5 చొప్పున వేసుకుంటే మొత్తం 480 దాకా వస్తాయి, అంటే మీ నమూనా 48. ప్రతి ఒక్కటీ పేజీ తీసి చూడాలి. ఒకటి తప్పయితే దాని చుట్టుపక్కల ఎంట్రీలు చూడండి. మూడు తప్పయితే నమూనా తనిఖీ ఆపేసి, సంఖ్యలన్నీ మళ్ళీ సరిచూడాలని రాయండి. ఆ స్థితిలో మిగతా సమీక్ష చేసినా దండగ.

తప్పుల తీరు చూస్తే కారణం తెలుస్తుంది. ఇది తప్పకుండా నేర్చుకోండి. అన్ని సంఖ్యలూ ఒకే తేడాతో, ఉదాహరణకు అంతటా 12 ఎక్కువగా ఉంటే, పీడీఎఫ్ చూపించే పేజీ సంఖ్యను వేసుకున్నారన్నమాట, పేజీ మీద అచ్చయిన సంఖ్యను కాదు. ముందుమాట పేజీలు లెక్కలో కలిసిపోయాయి. 57వ పేజీ దాకా సరిగ్గా ఉండి అక్కడి నుంచి అన్నీ ఒకటి తేడాతో ఉంటే, సూచిక తయారయ్యాక మధ్యలో ఒక బొమ్మో పేరానో చేరి పేజీలు జరిగాయి. ఇది సూచిక చేసినవారి తప్పు కాకపోవచ్చు, ఏ ప్రూఫ్ (అచ్చుకు ముందు సరిచూసే ప్రతి) మీద చేశారో అడగండి. అక్కడక్కడా 36కు బదులు 63 ఉంటే టైపింగులో అంకెలు తారుమారయ్యాయి. మొదటి రెండు రకాలూ ఒక్క సవరణతో పోతాయి. మూడోదానికి మాత్రం ఒక్కొక్కటీ చూడక తప్పదు.

రెండోది పుస్తకం నుంచి సూచికకు. అయిదు పేజీలు చీటీ తీసినట్టు ఎంచుకోండి. ఒక్కో పేజీలో సూచికలో ఉండదగినవి ఏమిటో మీరే రాసి, అవి ఉన్నాయో లేదో చూడండి. ఉన్న ఎంట్రీలను ఎంత పరీక్షించినా, లేని ఎంట్రీ కనబడదు. అది బయటపడేది ఈ వైపు నుంచే. ఎంచుకున్న అయిదింటిలో ఒకటి చివరి అధ్యాయంలోది అయ్యేలా చూసుకోండి. గడువు దగ్గరపడ్డప్పుడు చివరి పేజీల సూచిక పలచబడుతుంది. పేజీకి ఎన్ని ఎంట్రీలు వచ్చాయో మొదటి 20 పేజీలకూ, చివరి 20 పేజీలకూ లెక్కేసి పోల్చినా తెలిసిపోతుంది.

కొత్తఆకు
‘సూచికలో ఉండదగినవి’ అన్నారు పుటసంఖ్య గారు. అక్కడే మాకు తగవు వస్తుంది. ఒక పేరు పేజీలో కనిపిస్తే చాలా?

పుటసంఖ్య
చాలదండి. ఆ పేజీకి వచ్చిన పాఠకుడికి ఆ విషయం గురించి కొత్తగా ఏదైనా తెలుస్తుందా అన్నదే గీటురాయి. ‘డొకుచాయెవ్ వంటి శాస్త్రవేత్తల కాలం నుంచీ’ అన్న వాక్యం ఒక్కటే ఉంటే అక్కడ డొకుచాయెవ్ గురించి ఏమీ లేదు. వర్గీకరణలో ఆయన పాత్ర రెండు వాక్యాల్లో చెప్పినా చాలు, ఎంట్రీ ఇవ్వాలి. కాకపోతే ఏది చేర్చాలి, ఏది వదలాలి అన్న గీత పుస్తకాన్ని బట్టి జరుగుతుంది. చరిత్ర గ్రంథంలోనో జీవితచరిత్రలోనో మనిషి పేరు ఒక్కసారి వచ్చినా వెతికేవారు ఉంటారు. అందుకే గీత ఎక్కడ గీశారో సూచిక చేసినవారు ముందే రెండు వాక్యాల్లో రాసి ఇవ్వాలి, సమీక్షకుడు ఆ గీతకు కట్టుబడ్డారా లేదా అని చూడాలి. అది రాసి ఇవ్వకపోతే సమీక్షకుడు తన గీతతో కొలుస్తాడు, తగవు అక్కడే మొదలవుతుంది.

మార్జిన్
ఇప్పుడు నిర్మాణం సంగతి. ఒక చిన్న నమూనాతో చెబుతాను. ఇలాంటి ఎంట్రీ కనిపించిందనుకోండి:

నేలకోత, 14, 17, 22–25, 31, 40, 41, 58, 63, 77–79, 90

పది చోట్లకు పంపుతోంది, ఎక్కడ ఏముందో చెప్పడం లేదు. నివారణ గురించి కావాల్సినవాడు తొమ్మిదో చోటికి వచ్చేదాకా పేజీలు తిప్పుతూనే ఉండాలి. దీన్ని విడగొడితే:

నేలకోత
– అడవుల నరికివేతతో, 22–25
– కొలిచే పద్ధతులు, 40–41
– గాలి వల్ల, 31, 58
– నివారణ, 77–79, 90
– నీటి వల్ల, 14, 17, 63

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పైన 40, 41 అని విడిగా ఉంది, కింద 40–41 అయింది. రెండూ ఒకటి కావు. గీత ఉంటే చర్చ ఆగకుండా రెండు పేజీల మీదా సాగిందని అర్థం. కామా ఉంటే రెండు పేజీల్లో రెండు వేరు ప్రస్తావనలు. పేజీ తీసి చూడకుండా కామాను గీతగా మార్చకూడదు, సమీక్షకుడు అయితే అసలే మార్చకూడదు.

ఉపశీర్షికల్లో మామూలుగా కనిపించే జబ్బులు చెబుతాను. శీర్షిక కింద ఒకే ఒక్క ఉపశీర్షిక ఉండటం ఒకటి. ఇక విడగొట్టడం ఎందుకు? శీర్షికలోనే కలిపేయొచ్చు. రెండోది, ఉపశీర్షికలన్నిటికీ అవే పేజీలు: ‘తేమ, 44–46, తేమ కొలత, 45, తేమ నష్టం, 46’. చదవడానికి వివరంగా అనిపిస్తుంది కానీ పాఠకుడు ఎలాగూ 44 తెరిస్తే మూడూ అక్కడే ఉన్నాయి. మూడోది ‘ఇతర విషయాలు’, ‘గురించి’, ‘ప్రస్తావన’ లాంటి ఉపశీర్షికలు. ఆలోచించడం మానేసిన చోట ఇవి వస్తాయి. వాటిని చూసినప్పుడల్లా ఆ పేజీ తీసి, అక్కడ అసలు ఏం చెప్పారో ఒక మాటలో మీరే రాయండి.

అన్నిటికంటే పెద్దది చెల్లాచెదురు. ‘నేలకోత’ దగ్గర కొన్ని పేజీలు, ‘భూక్షయం’ దగ్గర ఇంకొన్ని, ‘మట్టి కొట్టుకుపోవడం’ దగ్గర మరికొన్ని. రచయిత మాట మార్చినప్పుడల్లా సూచిక చేసినవారూ మార్చుకుంటూ పోయారు. పాఠకుడు ఒకచోట రెండు పేజీలు చూసి, పుస్తకంలో ఇంతే ఉంది కాబోలు అనుకుని వెళ్ళిపోతాడు. వెతికినా దొరక్కపోతే కనీసం ఇంకో మాట ప్రయత్నిస్తాడు. సగం దొరికితే ఆ పని కూడా చేయడు. నేను సమీక్షలో మొదటి గుర్తు పెట్టేది దీనికే.

ప్రూఫ్‌చూపు
మార్జిన్ గారి నమూనా బాగుంది. కానీ పేజీ సంఖ్యలు ఎన్ని దాటితే విడగొట్టాలన్నది కూడా చెప్పాలి. అమెరికా ప్రచురణకర్తలు వాడే శైలి గ్రంథం షికాగో మాన్యువల్ అయిదారు దాటితే విడగొట్టమంటుంది. కొత్తవాళ్ళు దాన్ని శాసనంలా పట్టుకుని ఏడు సంఖ్యలున్న ప్రతి పేరునూ చీలుస్తున్నారు. ఏడుచోట్లా ఒకే పరికరం ఒకేలా వాడినట్టు ఉంటే చీల్చడానికి ఏముంటుంది? అప్పుడే ‘ప్రస్తావన’ లాంటి ఉత్తుత్తి ఉపశీర్షికలు పుడతాయి.

మార్జిన్
ఒప్పుకుంటాను. అయిదారు అన్నది ఆగి చూడమనే గుర్తు మాత్రమే. ఆ సంఖ్య దాటిన ఎంట్రీలన్నీ జాబితా రాయండి, ఒక్కోదాన్నీ పేజీలు తీసి చూడండి, చీల్చడానికి అర్థవంతమైన తేడా ఉంటేనే చీల్చమనండి. లేకపోతే ప్రధాన చర్చ ఉన్న పేజీని బొద్దు అంకెల్లో పెట్టమని సూచించవచ్చు, ఆ సంగతి సూచిక మొదట్లో గమనికగా రాయాలి. ఇంకో మార్గం, ఏడింటిలో నాలుగు ఊరికే తగిలిన ప్రస్తావనలేమో చూడటం. చాలాసార్లు అలాగే తేలుతుంది.

మరో మాట. పుస్తకం మొత్తం దేని గురించో ఆ విషయం దగ్గర ఏముందో తప్పక చూడండి. నేలల పుస్తకంలో ‘నేల’ అన్న ఎంట్రీ కింద అరవై ఉపశీర్షికలుంటే పుస్తకమంతా అక్కడ కుమ్మరించినట్టే. అసలేమీ లేకపోయినా తప్పే, ఎందుకంటే కొత్త పాఠకుడు మొదట అక్కడికే వస్తాడు. నిర్వచనం, వర్గీకరణ, ఏర్పడే క్రమం లాంటి మౌలికమైనవి అక్కడ ఉంచి, మిగతావాటికి దారి చూపాలి.

అకారాది
దారి చూపడం అన్నారు కాబట్టి ‘చూ.’, ‘ఇంకా చూ.’ సంగతి నేను చెబుతాను. వీటిని నమూనాగా కాదు, ఒక్కటీ వదలకుండా పరీక్షించాలి. 96 పేజీల భాగంలో ఇవి పాతికో ముప్ఫయ్యో ఉంటాయి, అరగంట పని.

‘చూ.’ అంటే ఇక్కడ ఏమీ లేదు, అక్కడికి వెళ్ళు అని. ‘ఇంకా చూ.’ అంటే ఇక్కడ కొంత ఉంది, దీనికి సంబంధించినది అక్కడా ఉంది అని. ‘చూ.’ రాసిన ఎంట్రీలో పేజీ సంఖ్య కూడా ఉంటే రెండూ కలగాపులగం అయ్యాయని అర్థం.

ఒక్కోదానికీ నాలుగు ప్రశ్నలు. పంపిన చోట ఆ శీర్షిక నిజంగా ఉందా? సవరణల్లో శీర్షిక మాట మారి, పంపే సూచన పాతదే మిగిలిపోవడం మామూలు. అక్షరం అక్షరం అదే మాటా, ఏకవచనమా బహువచనమా? వెళ్ళిన చోటు మళ్ళీ వెనక్కి పంపుతోందా? ‘భూక్షయం, చూ. నేలకోత’, ‘నేలకోత, చూ. భూక్షయం’ అని రెండూ ఉండి, ఎక్కడా పేజీ లేకపోతే పాఠకుడు తిరుగుతూనే ఉంటాడు. చివరిది, అసలు పంపాల్సిన అవసరం ఉందా? చూడండి:

జీవాంశం, చూ. హ్యూమస్
హ్యూమస్, 33, 36

మొదటి వరుసలో ‘జీవాంశం, 33, 36’ అని రాసినా అదే చోటు పడుతుంది. పాఠకుడికి ఒక గెంతు తప్పుతుంది. చేరే శీర్షికకు ఉపశీర్షికలు లేకుండా రెండు మూడు పేజీలే ఉంటే రెండు చోట్లా పేజీలే ఇవ్వమనండి. ఉపశీర్షికలు ఉంటేనే పంపడం లాభం.

రెండు చోట్లా పేజీలిచ్చినప్పుడు అవి ఒకటేనా అన్నది కూడా చూడాలి. జీవాంశం దగ్గర 33, 36, హ్యూమస్ దగ్గర 33, 36, 71 ఉంటే సవరణ ఒకచోటే జరిగింది.

నిలువుగీత
ఎవరూ అకారాది క్రమం ఎత్తలేదు. తెలుగు సూచికల్లో ఎక్కువ గందరగోళం అక్కడే ఉంది. యూనికోడ్ (కంప్యూటర్‌లో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే పద్ధతి) అంకెల ప్రకారం కంప్యూటర్ పేర్చిన వరుస మన వర్ణమాల వరుసతో పూర్తిగా కలవదు. మూడు చోట్ల చూడండి.

ళ: యూనికోడ్‌లో ల తరువాత ళ, ఆ తరువాత వ వస్తాయి. బడిలో నేర్చుకునే వరుసలో ళ హ తరువాత. అంటే ‘కళ్ళం’, ‘కవాటం’ అన్న రెండు మాటలు కంప్యూటర్ వరుసలో ఒకలా, వర్ణమాల వరుసలో తలకిందులుగా వస్తాయి.

క్ష: కంప్యూటర్‌కు అది క కింద ష. ‘క్షారత’ క గుణింతం అంతా అయ్యాక క విభాగంలోనే కనిపిస్తుంది. వర్ణమాల చివర క్షను విడి అక్షరంగా నేర్చుకున్నవారు దాన్ని హ తరువాత వెతుకుతారు. నేలల పుస్తకంలో క్షారత, క్షయం ముఖ్యమైన మాటలు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఎక్కడ పెట్టినా రెండో చోట ‘క్ష, చూ. క విభాగం’ లాంటి ఒక్క వరుస ఉండాలి.

సున్న: యూనికోడ్‌లో సున్న అచ్చులకంటే కూడా ముందుంది. కాబట్టి ‘కంకర’ ‘కఠినత్వం’ కంటే ముందొస్తుంది. సున్నను ఔ తరువాత లెక్కించే పద్ధతీ వాడుకలో ఉంది. ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకటే ఉండాలి, సూచిక ముందు గమనికలో చెప్పాలి. సగం సాఫ్ట్‌వేర్ పేర్చి, తరువాత చేర్చినవి చేత్తో ఇరికించిన సూచికల్లో రెండు పద్ధతులూ కలిసిపోతాయి. సమీక్షకుడు క, స, న విభాగాలు మూడూ వరుసగా చదివితే అది బయటపడుతుంది.

విడిమాటల సంగతి కూడా ఉంది. మాటకు మాట పేర్చితే: నేల తేమ, నేల రకాలు, నేలకోత. ఖాళీని లెక్కచేయకుండా అక్షరానికి అక్షరం పేర్చితే: నేలకోత, నేల తేమ, నేల రకాలు. సూచికల తయారీకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 999 (1996) మొదటిదాన్ని కోరుతుంది. షికాగో మాన్యువల్ చాలాకాలం రెండోదాన్ని ఇష్టపడింది, 18వ కూర్పు (2024) నుంచి అదీ మొదటిదానికే మారింది. తెలుగులో సమాసాలను కలిపి రాసేవారూ, విడదీసి రాసేవారూ ఉన్నారు కాబట్టి మాటకు మాట పద్ధతిలో ఒకే కుటుంబంలోని ఎంట్రీలు దూరమైపోయే ప్రమాదం ఎక్కువ. నా ఓటు అక్షరానికి అక్షరం పద్ధతికే.

ఇంకొకటి కంటికి కనబడనిది. పొల్లు అక్షరం తరువాత చేరే అదృశ్య విభజన గుర్తు, జెడ్‌డబ్ల్యూఎన్‌జె. ‘నైట్రోజన్’ అని రెండు ఎంట్రీలు పక్కపక్కన కనిపించి, రెంటిలో వేరువేరు పేజీలుంటే కారణం అదే: ఒకదాని చివర ఆ గుర్తు ఉంది, ఇంకోదాని చివర లేదు. మనకు ఒకే మాట, కంప్యూటర్‌కు రెండు మాటలు. సమీక్షకు పంపే ముందే మాట చివర ఉన్న ఆ గుర్తులన్నిటినీ వెతికి తీసేస్తే సగం తలనొప్పి పోతుంది. మాట మధ్యలో ఉన్నవాటిని మాత్రం తీయొద్దు, ‘సాఫ్ట్‌వేర్’ లాంటివి వికృతంగా అతుక్కుపోతాయి.

ప్రూఫ్‌చూపు
నిలువుగీత గారూ, పేర్ల సంగతి కూడా ఒక్క మాట చెప్పండి.

నిలువుగీత
ఇంటిపేరు ముందే ఉండే తెలుగు పేర్లను తిప్పనక్కర్లేదు, ఉన్నదున్నట్టే ఎంట్రీ అవుతుంది. పాశ్చాత్య పేర్లను తిప్పాలి: ‘హోవర్డ్, ఆల్బర్ట్’. ఒకే సూచికలో రెండు రకాలూ ఉంటాయి, అది తప్పు కాదు. తెలుగు పేరు మధ్యలో కూడా కామా పెట్టి తిప్పేయడం మాత్రం తప్పు. వ్యక్తిగత పేరుతోనో కలంపేరుతోనో ప్రసిద్ధులైనవారికి ఆ పేరు దగ్గర పేజీలిచ్చి, ఇంటిపేరు దగ్గర ‘చూ.’ పెట్టాలి.

కొత్తఆకు
మాలో ఒకరు సాఫ్ట్‌వేర్‌తో మాటలు ఏరి తయారుచేస్తానంటున్నారు. దాన్నీ ఇలాగే చూడాలా?

మార్జిన్
ఇదే పద్ధతి, కానీ వెతకాల్సిన తప్పులు వేరు. యంత్రం మాటను ఏరుతుంది, విషయాన్ని ఏరదు. తెలుగులో ‘వేరు’ అని వెతికితే మొక్క వేరూ, ‘ఇది వేరు సంగతి’లోని వేరూ ఒకే ఎంట్రీలో పడతాయి. మరోవైపు నేలను, నేలలో, నేలలు, నేలంతా అన్నవి విభక్తులతో, సంధితో రూపం మారి కొన్ని జారిపోతాయి. ఒక పేరా నిండా నేలకోత గురించే ఉండి ఆ మాట ఒక్కసారీ రాకపోతే ఆ పేజీ సూచికలోకి రానే రాదు. కాబట్టి పుటసంఖ్య గారు చెప్పిన రెండో తనిఖీ, పుస్తకం నుంచి సూచికకు వెళ్ళేది, ఇక్కడ అయిదు పేజీలతో సరిపోదు, పది చేయండి. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, నేర్చుకునే గుంపులో నలుగురూ చేత్తోనే చేయాలి. అమర్చడానికి, పేర్చడానికి సూచికల కోసమే చేసిన సాఫ్ట్‌వేర్ వాడండి, ఎంచుకునే పని మాత్రం మనిషిదే.

పుటసంఖ్య
ఇక వ్యాఖ్య రాసే తీరు. ప్రతి వ్యాఖ్యలో నాలుగు ముక్కలుండాలి: ఏ ఎంట్రీ, పాఠకుడు ఏం చేయబోతాడు, అప్పుడు ఏమవుతుంది, ఏం చేయొచ్చు.

‘ఎరువుల విభాగం గజిబిజిగా ఉంది.’ ఇది పనికిరాదు.

‘ఎరువులు: మోతాదు కోసం వెతికేవారు “మోతాదు” అన్న ఉపశీర్షికలో 52 చూస్తారు. కానీ 66లోని మోతాదు పట్టిక “పట్టికలు” అన్న ఉపశీర్షిక కింద ఉంది, అది వారికి దొరకదు. 66ను మోతాదు కిందికి తేవచ్చు.’ ఇది పనికొస్తుంది.

వ్యాఖ్యలకు మూడు గుర్తులు పెట్టుకోండి. త అంటే తప్పు: పేజీ తప్పు, వరుస తప్పు, లేని శీర్షికకు పంపడం. వాదన లేకుండా సరిచేయాలి. ల అంటే లోపం: దొరకాల్సింది దొరకలేదు, 30 ప్రశ్నల కాగితమో పేజీనో ఆధారం చూపాలి. అ అంటే అభిప్రాయం: ‘నేనైతే ఇలా చేసేవాణ్ణి’. ఇది తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. ఆధారం చూపలేని ల ఏదైనా అ కిందికి జారుతుంది. ఇలా గుర్తులు వేసుకుంటూ పోతే మీ అలవాట్లు మీకే కనిపిస్తాయి. కొత్త సమీక్షకుల కాగితం నిండా అ లే ఉంటాయి, త లు తక్కువ. ఎందుకంటే పేజీలు తీసి చూడటం కష్టం, అభిరుచి చెప్పడం తేలిక.

ఎదుటివారి సూచికను మీ సూచికలా మార్చేయొద్దు. ఒకే పుస్తకానికి ఇద్దరు నిపుణులు చేసిన సూచికలు ఒకేలా ఉండవు, ఉండనక్కర్లేదు. మీరు ‘సాగునీరు’ అని పెట్టినచోట వారు ‘నీటిపారుదల’ అని పెడితే, ఇంకో మాట దగ్గర ‘చూ.’ ఉన్నంతవరకూ అది లోపం కాదు.

ప్రూఫ్‌చూపు
కొందరు వందకు మార్కులు వేస్తారు: కచ్చితత్వానికి 30, నిర్మాణానికి 30 అని. దాని మీద మీ మాట?

అకారాది
నేర్చుకునే గుంపుకు వద్దనే అంటాను. పేజీలన్నీ ఒకటి తేడాగా ఉన్న సూచికకు నిర్మాణంలో 28 వేసి, మొత్తం 70 వచ్చిందంటే అర్థం లేదు. పేజీ తప్పయితే మిగతా అందం ఎవరికీ అక్కరకు రాదు. కూడిక ఆ సంగతి దాచేస్తుంది. మూడు సంఖ్యలు విడివిడిగా రాయండి: 30 ప్రశ్నల్లో ఎన్నిటికి జవాబు దొరికింది, 48 పేజీల్లో ఎన్ని సరైనవి, పంపే సూచనల్లో ఎన్ని గమ్యం చేరాయి. మార్చాక మళ్ళీ అవే మూడూ తీస్తే మెరుగుదల కనిపిస్తుంది.

ప్రూఫ్‌చూపు
మూడు సంఖ్యల పద్ధతి నచ్చింది. ఇంకో అభ్యాసం కూడా చేయించండి: కోత. ప్రచురణలో సూచికకు కేటాయించిన చోటు దాదాపు ఎప్పుడూ తక్కువే. పుస్తకం మొత్తానికి 8 పేజీలు ఇచ్చారనుకోండి. పేజీకి 2 వరుసకట్టలు (కాలమ్‌లు), కట్టకు 46 వరుసలు, అంటే 736. మొదటి పేజీలో శీర్షికకు 16 వరుసలు పోతే 720. అక్షరం మారినచోట వదిలే ఖాళీ వరుసలతో కలిపి సూచిక 812 వరుసలుంటే 92 తగ్గించాలి.

ఏ వరుసలో కోయాలన్నదే పాఠం. ముందు ఒక్క అంకె కోసం కిందికి దిగిన వరుసలు చూడండి. ఉపశీర్షిక మాట కుదిస్తే వరుస మిగులుతుంది, పాఠకుడికి ఏమీ నష్టం లేదు. ఇక్కడే ముప్ఫై దాకా రావచ్చు. తరువాత మొత్తం పేజీలు అయిదు దాటని శీర్షికల కింద ఉపశీర్షికలను కలిపేయండి. ఆ తరువాత ఒకే పేజీ ఉన్న దగ్గరి ఉపశీర్షికలను ఒకటి చేయండి. అప్పటికీ చాలకపోతే ఊరికే తగిలిన ప్రస్తావనలు. పంపే సూచనలను మాత్రం ముట్టుకోవద్దు. ఒక్కో వరుస ఆదా అవుతుందని కొత్తవాళ్ళు మొదట వాటినే తీసేస్తారు, అలా చేస్తే పుస్తకంలో లేని మాటతో వచ్చిన పాఠకులందరికీ తలుపు మూసినట్టే. కోత అయ్యాక పంపే సూచనలన్నీ మళ్ళీ పరీక్షించాలి, ఎందుకంటే గమ్యాలు కొన్ని మాయమై ఉంటాయి.

కోసిన సూచిక మీద అవే 30 ప్రశ్నలు మళ్ళీ అడగండి. ముందు 26 దొరికి ఇప్పుడు 25 దొరికితే కోత బాగా జరిగింది. 20కి పడిపోతే తప్పుచోట కోశారు.

కొత్తఆకు
చాలా కృతజ్ఞతలు అందరికీ. ఆఖరి సందేహం: ఇద్దరు సమీక్షకులు ఒకే ఎంట్రీ మీద ఎదురెదురుగా చెబితే? ఒకరు విడగొట్టమంటారు, ఇంకొకరు కలపమంటారు.

పుటసంఖ్య
ముందు ఇద్దరి వ్యాఖ్యలకూ గుర్తు ఏమిటో చూడండి. ఒకటి ల, ఇంకొకటి అ అయితే ల నెగ్గుతుంది. రెండూ ల అయితే ఇద్దరి ఆధారాలూ తీసుకుని, ఆ రెండు ప్రశ్నలనూ మూడో వ్యక్తికి ఇచ్చి సూచికలో వెతకమనండి, సూచిక ఎవరిదో చెప్పకుండా. అతను మొదట ఏ మాట దగ్గర ఆగాడో అదే తీర్పు. రెండూ అ అయితే తయారుచేసినవారి ఇష్టం. ఏది తీసుకున్నా, వదిలేసిన వ్యాఖ్య పక్కన ఎందుకు వదిలేశారో ఒక వాక్యం రాయించండి. ‘66లో ఉన్నది మోతాదు కాదు, ధాతువుల శాతం’ అన్నట్టు.

నిలువుగీత
దానికి ముందు ఒక చిన్న పని, కొత్తఆకు గారూ. నలుగురూ ఒకే ప్రూఫ్ మీద పనిచేస్తున్నారో లేదో ఇవాళే చూసుకోండి. 1, 48, 96 పేజీల మొదటి వరుసలు నలుగురూ రాసి పంపుకుంటే తేలిపోతుంది.